గుమ్మం లేని మనిషి చెత్త: తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి,

నమస్కారం. ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో ఇరవై రెండేళ్లుగా టిఫిన్ అంగడి నడుపుతున్నాను. ఇడ్లీ, దోస, బోండా, పొంగలి. తెల్లవారి నాలుగున్నరకు షట్టర్ ఎత్తితే మళ్లీ దించేసరికి రాత్రి పది దాటుతుంది. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. మన ఊరి రోడ్ల మీద పడే చెత్తలో కొంత నా చేతుల మీదుగానే వెళ్తుంది. సాంబారుకొక కవరు, చట్నీకొక కవరు, అన్నీ కలిపి మోయడానికి ఇంకొకటి, రోజుకి మూడు నాలుగు వందలకు తక్కువ ఉండవు. కాబట్టి దీన్ని ఫిర్యాదు అనుకోకండి. ముద్దాయిల్లో ఒకడు ఇచ్చే వాంగ్మూలం అనుకోండి.

పోయినేడు ఎండాకాలంలో ఒకరోజు అంగడి ముందు నీళ్లు చల్లుతున్నాను. ఇంకా పూర్తిగా వెలుతురు రాలేదు. రోడ్డుకు అవతల ఒకామె పుల్లల చీపురుతో ఊడుస్తోంది. సైడు కాలువ గట్టున ముడి విప్పని సాంబారు కవరు ఒకటి పడి ఉంది. రాత్రంతా ఆ ఉక్కకు పులిసి బెలూన్ లాగా ఉబ్బింది. చీపురుకి కదలకపోతే ఆమె వంగి చేత్తో తీసింది. తీయగానే పగిలింది. మోచేతి దాకా పులిసిన సాంబారు. వాసన ఇవతలికి నాదాకా వచ్చింది. నేను చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఆమె చేతి మీద పోశాను. పోస్తుంటే కింద ముడికి వేసిన రబ్బర్ బ్యాండు కనపడింది. పచ్చది. మా వరస అంగళ్లలో పచ్చ రబ్బర్ బ్యాండ్లు వాడేది నేనొక్కణ్ణే.

"ఇది ఎంతలే అన్నా, పిల్లోళ్ల డైపర్లు చేతికి రాకుంటే చాలు" అంది ఆమె. ఆ కవరు నాదే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు నుంచి నాకొక పిచ్చి పట్టింది. గిరాకీ తగ్గినప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, పార్శిల్ తీసుకున్న మనిషి ఏది ఎక్కడ పారేస్తున్నాడా అని చూడటం. మా అంగడి మెట్టు దిగి బస్టాండు గేటు దాకా నా అడుగులతో నూట నలభై. కాగితంలో చుట్టిచ్చిన రెండు బోండాలు తినడానికి మనిషికి అరవై డెబ్బై అడుగులు పడుతుంది. సరిగ్గా అక్కడొక కరెంటు స్తంభం ఉంది. మా వీధి నూనె కాగితాలన్నీ ఆ స్తంభం మొదట్లోనే. కాఫీ వేడిగా ఉంటుంది గనక మెల్లగా తాగుతారు, ఆ కప్పు గేటు దాకా వెళ్తుంది. నీళ్ల సీసా బస్సెక్కుతుంది. చిప్స్ ప్యాకెట్ కూడా బస్సెక్కుతుంది గానీ బస్సు కదలగానే కిటికీలోంచి దిగిపోతుంది.

ఇంకొకటి గమనించాను. పారేసే ముందు చాలామంది అటూ ఇటూ చూస్తారు. ఎవరైనా చూస్తున్నారేమో అన్న భయంతో చూస్తున్నారని మొదట్లో అనుకున్నాను. కాదు, డబ్బా కోసం వెతుకుతున్నారు. రెండు మూడు సెకన్లు వెతికి, కనపడకపోతే అప్పటికే నాలుగు కాగితాలున్న చోటికి వెళ్లి అక్కడ పెడతారు. విసిరేసేవాళ్లు లేరని చెప్పను, ఉన్నారు. కానీ పెట్టేవాళ్లే ఎక్కువ.

ఇంటింటికీ చెత్త సేకరణ అంటున్నామా, ఆ మాటలోనే ఇల్లు ఉంది. పొద్దున్నే బండి వస్తుంది, మా వీధి ఆడవాళ్లు తడి చెత్త డబ్బా ఒకటి, పొడి చెత్త డబ్బా ఒకటి తెచ్చి ఇస్తారు. ఇంట్లోనే వేరు చేసి ఇవ్వమని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఈ పనిలో మన ఊరు వెనకబడిందేమీ లేదు. నగరాల శుభ్రతకి కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల్లో 2022లో లక్ష జనాభా దాటిన నగరాల్లో దేశం మొత్తం మీద ఏడో స్థానం వచ్చింది. ఆ పేపరు ముక్క కత్తిరించి గల్లాపెట్టె పైన అతికించుకున్నాను, ఇప్పటికీ ఉంది.

కానీ ఈ ఊరి లెక్క వేరే. 2011 జనాభా లెక్కల్లో మనం మూడు లక్షలకు కాస్త తక్కువ. కొండకి రోజూ వెళ్లేవాళ్లు అరవై డెబ్బై వేల మంది, సెలవులొస్తే ఇంకా ఎక్కువ. వాళ్లలో చాలామంది మన బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో దిగుతారు, ఇక్కడే తింటారు, శ్రీనివాసం, విష్ణునివాసం వసతి సముదాయాల దగ్గర దర్శనం టోకెన్ల కోసం రాత్రుళ్లు కూర్చుంటారు. వాళ్లకి ఈ ఊళ్లో గుమ్మం లేదు. ఏ బండీ వాళ్లని పిలవదు. యాత్రికుల మీదికే నెట్టడం కూడా న్యాయం కాదులెండి. మా ఎదురింటాయన ఇంట్లో తడీ పొడీ ఎంత పద్ధతిగా వేరు చేస్తాడో చెప్పలేను. బైకెక్కి వీధి మలుపు తిరిగాక మాత్రం ఆయన చేతిలోని కిళ్లీ కాగితం ఎక్కడ పడితే అక్కడే. గుమ్మం దాటితే ఆయనా యాత్రికుడే.

ఇక ఆ పడిన చెత్త సంగతి. పొద్దున ఆరుకల్లా గాంధీ రోడ్డు మీద నిలబడి చూడండి. రాత్రి పడిన నీళ్ల సీసాలు ఒక్కటి కనపడవు. అట్టపెట్టెలు అసలే ఉండవు. ఏరుకునేవాళ్లు రాత్రే ఒక చుట్టు తిరిగేసి ఉంటారు, గుజిరీ అంగట్లో వాటికి కిలోకింత అని ధర ఉంది. మిగిలేవి చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు, గుట్కా పొట్లాలు, టీ కప్పులు, నా సాంబారు కవర్లు. చిప్స్ ప్యాకెట్‌ని రెండు మూడు రకాల పొరలు అతికించి చేస్తారు, వాటిని విడదీయడం కష్టం, అందుకే ఎవరూ కొనరు. టీ కప్పు కాగితందే అనుకుంటాం గానీ లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది లేకపోతే టీ కారిపోతుంది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు దేశమంతా నిషేధం. మేమందరం కాగితం కప్పుకి మారాం. ప్లాస్టిక్ మాత్రం లోపలి పక్కకి జరిగింది, అంతే. ధర ఉన్నది రోడ్డు మీద ఒక్క రాత్రి కూడా పడుకోదండీ. ధర లేనిదే పడుంటుంది, వాన పడితే సైడు కాలువలో చేరుతుంది. 2021 నవంబరు వానలకి మన వీధులు ఏమయ్యాయో అందరం చూశాం. దానికి చెరువులూ కాలువలూ పూడ్చుకున్న పాపం కూడా ఉంది, కవర్ల మీదికే తోసేయను. కానీ నీళ్లు తీశాక మా వీధి కాలువలోంచి పారతో ఎత్తిన మట్టిలో సగం కవర్లే. అందులో పచ్చ రబ్బర్ బ్యాండ్లు ఎన్నో నేను వెతకలేదు.

పచ్చ రబ్బర్ బ్యాండు కనపడిన తర్వాత నేను కొన్ని ప్రయత్నాలు చేశాను. మీకు పనికొస్తాయని చెప్తున్నాను, ఎందుకంటే రెండూ సరిగ్గా నడవలేదు.

మొదటిది నూనె డబ్బా. పదిహేను కిలోల ఖాళీ రేకు డబ్బా పైభాగం కోయించి, ఆ అరవయ్యో అడుగు స్తంభానికి కట్టాను. పొద్దున ఎనిమిదికల్లా నిండింది. పట్టరాని సంతోషంతో ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. పదకొండుకి పొంగింది. ఒంటిగంటకి కుక్కలు లాగి రోడ్డంతా చేశాయి. పక్క అంగడాయన వచ్చి "ఏమబ్బా, నీ ఎంగిలంతా నా ముందర పెడతావా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? డబ్బా పెట్టినవాణ్ణి నేను, రోజుకి నాలుగు సార్లు ఖాళీ చెయ్యాల్సిందీ నేనే. శనివారం రద్దీలో ఇడ్లీ వడ్డించేదా, డబ్బా ఎత్తేదా? వారం తిరక్కుండానే ఆ డబ్బాని ఎవరో ఎత్తుకుపోయారు. రేకుకి ధర ఉంది కదా మరి.

రెండోది స్టీలు డబ్బాలు. సాంబారు కవర్లో వద్దనుకునేవాళ్లకి యాభై రూపాయల డిపాజిట్ తీసుకుని చిన్న స్టీలు డబ్బాలో ఇచ్చాను. అరవై డబ్బాలు కొన్నాను. చుట్టుపక్కల ఆఫీసులవాళ్లు, లాడ్జీల్లో పనిచేసే పిల్లలు చక్కగా తిరిగిచ్చారు. యాత్రికులు ఇవ్వలేదు. డబ్బు కట్టారు కాబట్టి దాన్ని దొంగతనం అనలేం. మొన్నామధ్య సేలం నుంచి వచ్చిన ఒకాయన అయితే "మీ డబ్బా ఇంట్లో బాగా వాడుకుంటున్నాం" అని సంతోషంగా చెప్పాడు. యాభై రూపాయలకి మంచి డబ్బా, పైగా తిరుపతిది, ఎవరు వదులుకుంటారు?

లోపం ఎక్కడో తర్వాత అర్థమైంది. యాత్రికుడు సాంబారు కొన్నది నా దగ్గర, తిన్నది లాడ్జి గదిలో, బస్సెక్కింది అలిపిరిలో, ఊరు విడిచింది రైల్లో. నా అంగడికి మళ్లీ రావాల్సిన పనే ఆయనకి లేదు. ఒక అంగడివాడు డిపాజిట్ పెడితే అది ఆ అంగడి దాకానే చెల్లుతుంది. ఊరందరికీ ఒకటే డబ్బా, ఒకటే డిపాజిట్ ఉండి, స్టేషన్లోనైనా అలిపిరిలోనైనా ఇచ్చేసి డబ్బు తీసుకోగలిగితే అప్పుడు నడుస్తుంది. అంత పని నా వల్ల కాదు. మీ వల్ల అవుతుంది.

ఇది కొత్త విషయమేమీ కాదు. మా నాయన కాలంలో గోలీసోడా అంగడి దగ్గరే తాగి సీసా ఇచ్చెయ్యాలి, ఇంటికి పట్టుకెళ్లాలంటే సీసాకి డబ్బు కట్టాలి. నా చిన్నప్పుడు రోడ్డు మీద గోలీసోడా సీసా పడి ఉండగా చూసిన గుర్తు లేదు. అంతెందుకు, మన కొండ మీదే చూడండి. 2022 జూన్ నుంచి తిరుమలలో ప్లాస్టిక్ పూర్తిగా నిషేధం. అలిపిరిలో బ్యాగులు వెతుకుతారు, పైన నీళ్లు గాజు సీసాల్లో అమ్ముతారు, సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు. పైన ఖాళీ సీసా పట్టుకుని అంగడి వెతుక్కుంటూ తిరిగిన మనిషే సాయంత్రం కిందికి దిగి లీలామహల్ సర్కిల్లో కాఫీ కప్పు గోడ మీద వదిలేస్తాడు. కొండ మీద భక్తి ఉంటుందండీ అంటారు. భక్తి వల్లే అయితే గోవిందరాజస్వామి గుడి చుట్టూ కూడా ఏమీ పడకూడదు కదా? అక్కడా స్వామే ఉన్నాడు. తేడా ఏర్పాటులో ఉంది.

అయితే కొండకి దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కాపలా పెట్టి వెతకొచ్చు. మన ఊరికి వంద దారులు. అందుకే నిషేధం మీద కన్నా డిపాజిట్ మీద నాకు నమ్మకం ఎక్కువ. కేదార్‌నాథ్‌లో 2022లో నీళ్ల సీసాలకి క్యూఆర్ కోడ్ స్టిక్కర్ వేసి పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే ఆ పదీ వెనక్కిచ్చే పద్ధతి పెట్టారు. అది తయారు చేసింది మన హైదరాబాద్ కంపెనీయే. నీలగిరిలో మద్రాస్ హైకోర్టు చెప్పిన మీదట ప్రభుత్వ మద్యం అంగళ్లలో సీసాకి పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెస్తే వాపసు ఇవ్వడం మొదలుపెట్టారు. తాగినవాడు మరిచిపోయినా ఏరుకునేవాడు మరిచిపోడు, అదీ అందులోని తెలివి.

మన దగ్గర నీళ్ల సీసాని ఏరేవాళ్లు ఎలాగూ ఉన్నారు. నేను అడిగేది పార్శిల్ డబ్బాకీ కాఫీ గ్లాసుకీ. నగరపాలక సంస్థ ముద్ర వేసిన ఒకే రకం స్టీలు డబ్బా, ఒకే రకం గ్లాసు. ముందు బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టూ ఉన్న టిఫిన్ అంగళ్లకీ టీ బంకులకీ ఇవ్వండి. డిపాజిట్ యాభై చాలదని నా అనుభవం, డబ్బా ఖరీదు కన్నా ఎక్కువ ఉండాలి. తిరిగిచ్చే చోట్లు బస్టాండు లోపల ఒకటి, స్టేషన్లో ఒకటి, శ్రీనివాసం, విష్ణునివాసం, అలిపిరి. ఆ డబ్బాలు కడిగే పని మహిళా సంఘాలకి ఇవ్వచ్చు, అంగళ్లవాళ్లం కడుగుడు కూలి ఇస్తాం. కవర్లకీ రబ్బర్ బ్యాండ్లకీ ఇప్పుడు పెట్టేది ఊరికే రావడం లేదు కదా.

చిప్స్ ప్యాకెట్‌కి డిపాజిట్ అంటే నవ్వుతారు, నిజమే. దానికి వేరే దారి ఉంది. ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మే కంపెనీలే ఆ ప్లాస్టిక్‌ని వెనక్కి సేకరించే బాధ్యత మొయ్యాలని 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. దాన్ని ఎక్స్‌టెండెడ్ ప్రొడ్యూసర్ రెస్పాన్సిబిలిటీ అంటారు, నాకు నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది. ఆ కంపెనీలని పిలిచి మాట్లాడి, ఏరుకునేవాళ్లకి కిలో ఖాళీ ప్యాకెట్లకి ఇంత అని ఒక ధర కట్టించండి. ఇలాంటి ప్లాస్టిక్‌ని సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో బొగ్గుతో పాటు మండిస్తారు. కడప జిల్లాలో యర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, మనకి మరీ దూరం కాదు. ధర పడిన మర్నాటి నుంచి గాంధీ రోడ్డు మీద ఎన్ని ప్యాకెట్లు మిగులుతాయో చూద్దాం.

డబ్బాల విషయం. పెట్టడం సులువు, ఖాళీ చెయ్యడమే కష్టం, నాకు తెలిసొచ్చింది. అందుకని వంద చోట్ల పెట్టొద్దు. చేతిలో ఉన్నది అయిపోయే చోట పెట్టండి, ఇరవై చోట్లయినా సరే. అది ఏ చోటో ఏ ఇంజినీరుకన్నా బజ్జీల బండివాడికి బాగా తెలుసు, వాణ్ణి అడగండి. ఎత్తే వేళలు జనం వేళలతో కలవాలి. తెల్లవారి రైళ్లు దిగే వేళ, టోకెన్ల వరసలు లేచే వేళ, రాత్రి చివరి బస్సుల వేళ. బోర్డుల మీద "ఇచ్చట చెత్త వేయరాదు" అని పెద్దక్షరాలతో తెలుగులో రాస్తున్నాం. వచ్చేవాళ్లలో సగం మంది తమిళం, కన్నడం, హిందీ. వాళ్లకి ఆ బోర్డు కూడా ఒక బొమ్మే. దాని బదులు ఒక బాణం గుర్తు, ఒక డబ్బా బొమ్మ, "20 అడుగులు" అని వేస్తే చాలు.

ఫైన్ల గురించి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఒడిశా నుంచి వచ్చిన మనిషికి ఫైన్ వేసేలోపు బస్సు రేణిగుంట దాటుతుంది. కవర్ల తనిఖీ అంటే పూలమ్మే అవ్వ బుట్టలోని కవర్లు లాక్కోవడంతో అయిపోతోంది ఏ ఊళ్లోనైనా. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు అమ్మకూడదు. అవ్వ వాటిని ఇంట్లో నేసుకోదు కదా, హోల్‌సేల్ అంగట్లో కట్టలు కట్టలుగా దొరుకుతుంటే తెచ్చుకుంటుంది. నేనూ అక్కడే తెచ్చుకున్నాను. ఆ కట్ట దగ్గర పట్టుకుంటే అవ్వ దగ్గరికి రావాల్సిన పనే ఉండదు. అంగడి ముందు పది అడుగులు శుభ్రంగా పెట్టుకోకపోతే మాకు వెయ్యండి ఫైన్, మేం ఎక్కడికీ పారిపోలేం. కానీ పక్కన ఎత్తే డబ్బా ఉన్నాకే వెయ్యండి.

గంగమ్మ జాతరప్పుడు తాతయ్యగుంట వీధుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. అంబలి, మజ్జిగ, పులిహోర ఎవరి శక్తి కొద్దీ వాళ్లు పంచుతారు, గంగమ్మ పేరు మీద చేసే పని, దాన్ని తప్పు పట్టేవాణ్ణి కాను. మా ఇంట్లోనూ ఏటా అంబలి పోస్తాం. నా చిన్నప్పుడు ఇంటి చెంబు, ఇంటి గ్లాసు పట్టుకుని వచ్చి తాగేవాళ్లు, లేదంటే దోసిలి పట్టేవాళ్లు. ఇప్పుడు మనిషికొక కప్పు, తాగిన చోటే కింద. నూరు మంది కన్నా ఎక్కువ గుమిగూడే కార్యక్రమాలకి మూడు పనిదినాల ముందే చెప్పి, చెత్త వేరు చేసి ఇవ్వాలని ఆ 2016 నిబంధనలే చెప్పాయి. కానీ ఆ కాగితం ఎవరు చదువుతారు? పంచేవాళ్లకి మీరే ఐదు వందల స్టీలు గ్లాసులు, రెండు నీళ్ల తొట్లు ఒక్క రోజుకి అద్దె లేకుండా ఇచ్చి చూడండి. పెళ్లి సామాన్ల అంగడివాళ్లు చేసే పనే ఇది. వచ్చే జాతరకి మొదటి గ్లాసుల సెట్టు మా ఇంటికే పంపండి, కడిగి లెక్కపెట్టి తిరిగిచ్చే పూచీ నాది.

మొన్న అంగట్లో ఒకాయన పేపరు చదువుతూ "చెత్త పన్ను ఎత్తేశారు గానీ చెత్త ఎత్తలేదబ్బా" అన్నాడు, అందరం నవ్వాం. నవ్వాక ఆయన చేతిలోని కప్పు ఎక్కడ పెట్టాడో చెప్పను, మీకే తెలుసు.

ప్రస్తుతం మా అంగట్లో క్యారియర్ తెచ్చుకున్నవాళ్లకి ఐదు రూపాయలు తగ్గిస్తున్నాను. లోపల కూర్చుని తాగేవాళ్లకి కాఫీ గ్లాసులోనే, బోండాలు అరిటాకు ముక్కలో. కవర్లు సగానికి తగ్గాయి, పూర్తిగా పోలేదు. స్తంభానికి కొత్త నూనె డబ్బా కట్టాను, ఈసారి గొలుసుతో, తాళం వేసి. రోజుకి మూడు సార్లు మా కుర్రాడు ఎత్తుతున్నాడు, నాలుగోసారి నేను. పక్క అంగడాయన కూడా ఇప్పుడు అందులోనే వేస్తున్నాడు, మాట మాత్రం కలపలేదు ఇంకా.

మీ వార్డు శానిటేషన్ సెక్రటరీని గానీ, వీలైతే మీరే గానీ, ఒకరోజు పొద్దున ఐదున్నరకి రండి. అడుగులు లెక్కపెట్టి చూపిస్తాను. స్టీలు డబ్బాలు అరవైలో నా దగ్గర మిగిలినవి పద్దెనిమిది, నమూనాకి అవి మీకిచ్చేస్తాను. డిపాజిట్ అక్కర్లేదు.

ఇట్లు,
బస్టాండు దగ్గరి ఒక టిఫిన్ అంగడి మనిషి,
తిరుపతి